శూన్యం 377 ఓంలు, డైపోల్ 73 ఓంలు: మరి సిగ్నల్ వెనక్కి ఎందుకు కొట్టదు?

హామ్_కుర్రాడు:
హామ్ రేడియోలో రెండు మీటర్ల బ్యాండ్‌కి అల్యూమినియం రాడ్లతో హాఫ్ వేవ్ డైపోల్ (సగం తరంగదైర్ఘ్యం పొడవుండే యాంటెన్నా) కట్టాను, 50 ఓంల కేబుల్ మీద బాగానే పనిచేస్తోంది. కానీ డైపోల్ 73 ఓంలు, శూన్యం 377 ఓంలు అని చదివాక డౌట్ వచ్చింది. ఇంత తేడా ఉంటే చాలా పవర్ వెనక్కి రావాలి కదా?

ఫిజిక్స్_మేష్టారు:
ఆ రెండూ వేర్వేరు లెక్కలు బాబూ. 73 అనేది కేబుల్ యాంటెన్నాకి కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర ఓల్టేజీకీ కరెంటుకీ ఉన్న నిష్పత్తి. 377, ఇంకాస్త కచ్చితంగా 376.73, దూరంగా సాగిపోతున్న తరంగంలో విద్యుత్ క్షేత్రానికీ అయస్కాంత క్షేత్రానికీ ఉన్న నిష్పత్తి. మీటరుకి ఇన్ని ఓల్టులు అన్నదాన్ని మీటరుకి ఇన్ని ఆంపియర్లతో భాగిస్తే మీటర్లు కొట్టేసుకుని ఓంలు మిగులుతాయి, అంతేగానీ అక్కడ వేడెక్కే రెసిస్టర్ ఏదీ లేదు. తరంగం నిజంగా వెనక్కి కొట్టేది మాధ్యమం మారినచోట. వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజులో ఆ 377 నిష్పత్తి దాదాపు 251 ఓంలకు పడిపోతుంది. 377, 251ల తేడాని వాటి మొత్తంతో భాగించి వర్గం చెయ్యి, 4 శాతం వస్తుంది. గాజు మీద నిటారుగా పడిన వెలుతురులో ఒక్కో ముఖం దగ్గర తిరిగొచ్చేది సరిగ్గా అంతే. నాకు ఈ విషయంలో ఎంతో ఇష్టమైన లెక్క ఇదే.

ఈఎంసీ_టెస్టింగ్:
మేష్టారు "దూరంగా" అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 300 మీటర్లు, దాంట్లో ఆరోవంతు దూరం దాటేదాకా 377 కుదురుకోదు, అంటే మన టేబుల్ మీద జరిగేదంతా నియర్ ఫీల్డే, మూలానికి మరీ దగ్గరి ప్రాంతమే. పవర్ సప్లై బోర్డు మీద అయస్కాంత క్షేత్రాన్ని పట్టే లూప్ ప్రోబ్ తిప్పితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రీడింగ్ ఎగిరిపోతుంది, అక్కడ నిష్పత్తి 377 కన్నా చాలా తక్కువ. స్విచింగ్ అయ్యే హీట్‌సింక్ దగ్గర అంతా తారుమారు. అందుకే విద్యుత్ క్షేత్రం ఒక్కటే కొలిచి, 377తో భాగించి రెండోది రాసేయడం దగ్గర్లో పనికిరాదు.

హామ్_కుర్రాడు:
థాంక్స్ అండి. అయితే 377కి మ్యాచ్ చేయాల్సిన పని ఎక్కడా రాదా?

ఈఎంసీ_టెస్టింగ్:
ఎందుకు రాదు, రాడార్ తరంగాల్ని మింగే సాలిస్‌బరీ స్క్రీన్ చూడండి. లోహపు పలకకి పావు తరంగదైర్ఘ్యం ముందు, చదరానికి 377 ఓంల నిరోధం ఉన్న పల్చటి షీటు పెడతారు. ఆ ఫ్రీక్వెన్సీలో లోహం షీటు దగ్గరికి ఓపెన్ సర్క్యూట్‌లా కనిపిస్తుంది కాబట్టి, వచ్చిన తరంగానికి ఎదురయ్యేది ఆ 377 ఒక్కటే, పవరంతా షీటులోనే వేడిగా దిగిపోతుంది. ఫ్రీక్వెన్సీ కాస్త జరిగిందంటే మాత్రం మళ్లీ రిఫ్లెక్షన్ మొదలవుతుంది.