తుఫాను తర్వాత లైన్‌మన్‌కి దండం, యూనియన్‌కి తిట్లు: ఇదేం లెక్క?

కొవ్వొత్తి:

ఎక్కడ పెద్ద తుఫాను వచ్చినా ఒక ఫొటో తప్పకుండా తిరుగుతుంది. జోరువానలో స్తంభం మీద లైన్‌మన్, కింద "అసలైన హీరో ఇతనే". అందరం షేర్ చేస్తాం. నెల తిరక్కుండా అతని యూనియన్ ఖాళీ పోస్టుల గురించో, జీతాల గురించో నోరు విప్పితే "వీళ్లకు బాగా ఎక్కువైంది" అనేదీ మనమే. మనిషి మంచోడు, సంఘం చెడ్డది అనే ఈ లెక్క నాకు మింగుడుపడటం లేదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. 2012 జూలై 1న న్యూయార్క్‌లో కొత్త ఒప్పందం చర్చలు తెగిపోగానే కాన్ ఎడిసన్ అనే కరెంటు కంపెనీ 8 వేలకు పైగా కార్మికులను గేటు బయట నిలబెట్టింది. కార్మికులు సమ్మెకు దిగలేదు, కంపెనీయే లాకౌట్ చేసింది. మేనేజర్లతో పని నెట్టుకొచ్చారు. జూలై 26న పెద్ద గాలివాన ముంచుకొస్తోందని తెలిశాక గవర్నర్ ఆండ్రూ క్యూమో కలగజేసుకుంటే గానీ వాళ్లను లోపలికి పిలవలేదు. మూడు నెలలు తిరిగేసరికి, అక్టోబరు 29న, శాండీ తుఫాను వచ్చిపడింది. అప్పుడు రోజుల తరబడి రోడ్ల మీద ఉన్నది ఆ గేటు బయట నిలబడ్డవాళ్లే. ఎండ కాసినంతసేపూ వీళ్లు ఖర్చు, మబ్బు పట్టేసరికి హీరోలు.

నేననేది ఏమిటంటే, తుఫాను తర్వాత మనం మెచ్చుకునే పనిలో యూనియన్‌కూ వాటా ఉంది, మెచ్చుకోలులోనూ ఉండాలి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

లెక్కలమాస్టారు:

కొవ్వొత్తి గారూ, ఆపరేషన్ బాగా చేస్తే డాక్టరుగారికి దండం పెడతాం. డాక్టర్ల సంఘం ఆఫీసుకు వెళ్లి శాలువా కప్పం. స్తంభం ఎక్కింది మనిషి, యూనియన్ కాదు. యూనియన్ పని సభ్యుల ప్రయోజనం చూడటం. అందులో తప్పేమీ లేదు, కానీ అది ప్రజాసేవ అని మాకు చెప్పకండి.

కరెంటు కంపెనీ విషయంలో జనానికి వేరే దారి కూడా లేదు. హోటల్ నచ్చకపోతే పక్క హోటల్‌కి పోతాం. ఈ తీగ నచ్చకపోతే ఏ తీగ పట్టుకోవాలి? అందుకే ఇక్కడ యూనియన్ బేరం అంటే నాకు భయం. 1977 నవంబరులో బ్రిటన్‌లో అగ్నిమాపక సిబ్బంది సమ్మెకు దిగితే తొమ్మిది వారాలు సైన్యం పాత ఇంజన్లేసుకుని మంటలార్పింది. ఇక శాండీ సంగతే ఎత్తారు కాబట్టి, అలబామా నుంచి సాయానికి బయల్దేరిన సిబ్బందిని యూనియన్ సభ్యులు కారని న్యూజెర్సీలో వెనక్కి పంపారట కదా? జనం చీకట్లో ఉంటే సభ్యత్వం కార్డు అడిగేవాళ్లకు శాలువా ఎలా కప్పమంటారు?

ఫీడర్-3:

విద్యుత్ సంస్థలో పని చేస్తాను, కాబట్టి నాకు పక్షపాతం ఉంది. అది లెక్కలోంచి తీసేసే చదవండి.

అలబామా కథ ముందు తేల్చేద్దాం. ఆ సంస్థ పేరు డెకేటర్ యుటిలిటీస్. గోల పెద్దదయ్యాక వాళ్లే వివరణ ఇచ్చారు: న్యూజెర్సీలో తమను ఎవరూ వెనక్కి పంపలేదు, తమ మనుషులు వర్జీనియాలో ఆగి ఉన్నారు. యూనియన్ నుంచి వచ్చిన కాగితాలు చూసి, అక్కడ పని చేయాలంటే యూనియన్ షరతులకు ఒప్పుకోవాలేమో అని తాము అనుకున్నామని చెప్పారు. అలాంటి షరతేమీ లేదని యూనియన్ అంది. ఆ కాగితాల గందరగోళానికి యూనియన్‌ని నాలుగు అనండి, నేనూ కలుస్తాను. "వెనక్కి పంపారు" అనేది మాత్రం నిజం కాదు. ఆ వివరణకు మాత్రం ఒరిజినల్ వార్తకు వచ్చిన షేర్లలో పదో వంతు కూడా వచ్చి ఉండవు.

రెండోది, స్తంభం ఎక్కింది మనిషే అన్నారు. ఎక్కేముందు ఏం జరుగుతుందో చూడండి. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్ (ఎల్సీ), అంటే లైను ఆపి పనికి అనుమతి, అడగాలి. అక్కడి ఆపరేటర్ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే లైను) ఆపి, ఎవరు అడిగారో, ఎన్ని గంటలకు అడిగారో రిజిస్టర్‌లో రాస్తాడు. ఎవరి పేరు మీద ఎల్సీ ఉందో ఆ మనిషి నోటితో "మావాళ్లంతా దిగిపోయారు, వెనక్కి ఇస్తున్నాను" అనేదాకా ఆ లైను ఛార్జ్ చేయకూడదు. ఎల్సీ వచ్చినా తీగ చచ్చిందని నమ్మకూడదు. టెస్టర్‌తో చూడాలి. తర్వాత పని చేసే చోటుకు రెండు వైపులా, తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాలి. రెండు వైపులా ఎందుకంటే, కరెంటు సబ్‌స్టేషన్ వైపు నుంచే వస్తుందని గ్యారంటీ లేదు. వీధి చివర ఎవరో మెయిన్ ఆపకుండా జనరేటర్‌ని ఇంటి వైరింగుకు కలిపేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ అటు నుంచి తగ్గించినట్టే ఇటు నుంచి పెంచుతుంది. ఇంట్లోని 230 వోల్టులు పైతీగలో వేల వోల్టులై కూర్చుంటాయి. అంతా ఆఫ్ అనుకుని చెయ్యి వేసినవాడి పని అంతే.

ఇదంతా చేస్తే ఒక్కో చోట అరగంట పోతుంది. కింద నలభై మంది నిలబడి "ఇంకా ఎంతసేపు?" అంటుంటారు. పైనుంచి ఆఫీసరు ఫోన్లో "ఎర్తింగ్ తర్వాత చూద్దాం, ముందు లైను ఎత్తు" అంటాడు. అప్పుడు "ఎర్త్ రాడ్ లేకుండా ఎక్కను సార్" అనడానికి మనిషికి గుండె ఒక్కటే చాలదు. అలా అన్నందుకు రేపు మెమో రాదు, ట్రాన్స్‌ఫర్ కాదు అన్న ధైర్యం కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుందో మీరే చెప్పండి.

సుడిగాలి:

నలభై మందిలో నేనూ ఉంటానండీ సాధారణంగా. ఎదురింటికి లైట్ వచ్చి మనింటికి రాకపోతే ఈ ఎల్సీ, ఎర్తింగ్ ఎవరికి గుర్తుంటాయి? ముందు ఆ సంగతి చెప్పండి, ఎదురింటికే ఎందుకు ముందు వస్తుంది?

ఫీడర్-3:

ఎదురిల్లు వేరే ఫీడర్ మీదో, వేరే ట్రాన్స్‌ఫార్మర్ మీదో ఉంటుంది. రిపేర్లకు ఒక వరుస ఉంది: ముందు పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు, ఆ తర్వాత ఆసుపత్రులు, నీళ్ల పంపులు, ఆపైన ఒక్క రిపేరుతో ఎక్కువ ఇళ్లకు వెలుగొచ్చే ఫీడర్లు. మీ ఒక్క సర్వీసు వైరు తెగిపడితే మీ వంతు చివరన. ఎమ్మెల్యేగారి ఇల్లు ఈ వరుసలో ఎక్కడ వస్తుందో మాత్రం అడక్కండి.

లెక్కలమాస్టారు:

ఫీడర్ గారూ, వివరంగా చెప్పారు, థాంక్స్. అలబామా సంగతి మీరు చెప్పిందే సరైతే ఆ వాదన పక్కన పెడతాను. కానీ మీరు చెప్పిన ఎర్తింగ్, టెస్టింగ్ అంతా రూల్ బుక్కులో ఉన్నదే. అది చట్టం పని. అమెరికాలో 1970 నుంచి పనిచోట భద్రతకు ప్రత్యేక చట్టమే ఉంది. యూనియన్ లేని గ్రామీణ సహకార సంస్థల్లోనూ లైన్‌మన్‌లు ఇవే పద్ధతులు పాటిస్తారు, ఇంటికి క్షేమంగానే వెళ్తారు. యూనియన్ వల్లే భద్రత అంటే వాళ్లందరినీ ఏమనాలి?

పాతరేడియో:

మాస్టారూ, చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికాలో విద్యుత్ కార్మికుల బ్రదర్‌హుడ్ అనే యూనియన్ పుట్టింది 1891లో, సెయింట్ లూయిస్‌లో. మీరు చెప్పిన చట్టానికి దాదాపు 80 ఏళ్ల ముందు. దాని మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ కూడా లైన్‌మనే. ఊరూరా తిరిగి, దొరికిన చోట పని చేసుకుంటూ సంఘం కట్టాడు. 1896లో వాషింగ్టన్‌లో లైను మీద షాక్ కొట్టి కిందపడి పోయాడు. లైన్‌మన్ అంటే ఇన్సూరెన్స్ కంపెనీలు మొహం చాటేసే రోజులవి. ఆ సంఘం మొదట్లోనే పెట్టుకున్న వాటిలో ఒకటి, చనిపోయిన సభ్యుడి ఇంటికి 50 డాలర్లు. పాడె ఖర్చులకన్నమాట.

ఇంకోటి కూడా చెప్పాలి, కరెంటు వాళ్లే అనుకుంటున్నాం గానీ తుఫాను తర్వాత వీధి ఊడ్చేది ఎవరు? 1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్‌లో జోరువాన. ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు తలదాచుకోవడానికి చెత్తబండి వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తను నొక్కే యంత్రం తనంతట తానే తిరిగి ఇద్దరినీ నలిపేసింది. దాని మీద పుట్టిన సమ్మెకు మద్దతుగా వెళ్లినప్పుడే మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. అప్పటికి వాళ్ల యూనియన్‌కి నగరం గుర్తింపే ఇవ్వలేదు. పాడైన బండ్లు మార్చమని కార్మికులు అడుగుతూనే ఉన్నారు, విన్నవాడు లేడు. రూల్ ఉండటం వేరు, దాన్ని అమలు చేయించే బలం ఉండటం వేరు.

నైట్‌షిఫ్ట్:

నాది అత్యవసర కాల్స్ తీసుకునే ఉద్యోగం. "హీరో" అన్న మాట వింటే మాకు టెన్షన్. హీరోకి నిద్ర అక్కర్లేదు కదా! సీటు మీద మనిషి తక్కువైతే "ఈ ఒక్క రాత్రికి" అంటారు, ఆ ఒక్క రాత్రి సీజనంతా ఉంటుంది. తుఫాను పనుల్లో చాలాచోట్ల 16 గంటల పని, 8 గంటల విశ్రాంతి అన్న పద్ధతి ఉంది. బయటి నుంచి చూస్తే 16 గంటలే భయంకరంగా కనిపిస్తాయి. లోపల ఉన్నవాళ్లకు తెలుసు, కాపాడుకోవాల్సింది ఆ 8 గంటలని.

మెచ్చుకోలుకూ గౌరవానికీ ఎంత దూరమో ఒక్క ముక్కలో చెప్తాను. అమెరికాలో 911 కాల్స్ తీసుకునేవాళ్లను ప్రభుత్వ వృత్తుల వర్గీకరణలో ఏళ్లుగా ఆఫీసు సహాయక సిబ్బంది కింద లెక్కేస్తున్నారు, గుమస్తాల వరుసలో. నీళ్లలో చిక్కుకున్న మనిషితో చివరిదాకా ఫోన్లో మాట్లాడేది వీళ్లే. చప్పట్లకు మాత్రం ముందు వరుస.

లెక్కలమాస్టారు:

నైట్‌షిఫ్ట్ గారూ, మీ పనికి నమస్కారం, అందులో వాదనే లేదు. నా వాదన డబ్బు దగ్గర, సమ్మె దగ్గర. తుఫాను ఓవర్‌టైమ్ అంతా తిరిగి తిరిగి బిల్లులోకే వస్తుంది. చీకట్లో ఉన్నవాడే చివరికి కట్టాలి.

ఫీడర్-3:

డబ్బు దగ్గరికే వద్దాం. 2017 సెప్టెంబరు 20న మరియా తుఫాను అమెరికా కింద ఉన్న ప్యూర్టోరికో ద్వీపంలో కరెంటు గ్రిడ్‌ని నేలమట్టం చేసింది. మామూలుగా ఇలాంటప్పుడు పొరుగు సంస్థల సిబ్బంది పరస్పర సాయం ఒప్పందాల కింద దిగుతారు. ఫణి తుఫాను తర్వాత ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సిబ్బంది ఒడిశా వెళ్లినట్టు. ప్యూర్టోరికో విద్యుత్ సంస్థ ఆ దారి మొదట పట్టలేదు. తుఫాను వచ్చిన రోజుకు ఇద్దరే ఉద్యోగులున్న వైట్‌ఫిష్ అనే చిన్న కంపెనీకి 30 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అందులో లైన్‌మన్ పేరు మీద గంటకు 200 డాలర్లు దాటిన రేట్లు. గొడవై అక్టోబరు చివర్లో రద్దు చేశారు. చివరి ఇళ్లకు కరెంటు వచ్చేసరికి దాదాపు 11 నెలలు. బిల్లు పెంచేది ఓవర్‌టైమ్ ఒక్కటే అనుకునేవాళ్లు ఆ కాంట్రాక్టు ఒకసారి చదవాలి.

తర్వాత 2021 జూన్‌లో పంపిణీని లూమా అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. పాత యూనియన్ ఒప్పందం అక్కడ చెల్లలేదు. అనుభవం ఉన్న చాలామంది అందులో చేరకుండా వేరే ప్రభుత్వ శాఖలకు వెళ్లిపోయారు. 2022లో ఫియోనా తుఫాను వచ్చినప్పుడు ద్వీపమంతా మళ్లీ చీకటి. అది సిబ్బంది పోవడం వల్లే అనను, గ్రిడ్ ఎప్పటి నుంచో కుంటుతోంది. కానీ ఏ స్తంభం ఏ గుట్ట వెనక ఉందో తెలిసిన మనిషి ఇంకో ఆఫీసులో కాగితాలు సర్దుకుంటుంటే ఆ నష్టం ఏ లెక్కలో రాస్తారు?

కొవ్వొత్తి:

సమ్మె సంగతి నేను చెప్తాను మాస్టారూ. అంతర్జాతీయ కార్మిక సంస్థ కమిటీలు కరెంటు, నీళ్లు, ఆసుపత్రులు, అగ్నిమాపక సేవల్ని ప్రాణాలతో ముడిపడ్డ అత్యవసర సేవలుగానే చూస్తాయి. అక్కడ సమ్మెను నిషేధించినా తప్పనవు. ఒకటే షరతు: సమ్మె హక్కు తీసుకుంటే బదులుగా త్వరగా, పక్షపాతం లేకుండా తేల్చే మధ్యవర్తిత్వం ఇవ్వాలి. చాలా ప్రభుత్వాలు మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తాయి. మీ భయానికి మందు ఆ రెండో సగంలో ఉంది. యూనియన్‌ని తిడితే రాదు.

లెక్కలమాస్టారు:

మధ్యవర్తిత్వం నాకు సమ్మతమే. అది ఉంటే నా సగం అభ్యంతరం పోతుంది. మిగతా సగం ఇది: మీరంతా చెప్పిన యూనియన్ పర్మినెంట్ ఉద్యోగులది. తుఫాను తర్వాత స్తంభాలు మోసేది, గుంతలు తవ్వేది, నీళ్లలో నిలబడి తీగ లాగేది ఎక్కువగా కాంట్రాక్టు మనుషులు. వాళ్లకు కార్డూ లేదు, మీరు చెప్పిన "ఎక్కను సార్" అనే ధైర్యమూ లేదు. మెచ్చుకోలులో యూనియన్‌కి వాటా అడుగుతున్నారు, సరే. అలాంటి మనిషి లైను మీద పోతే ఆ ఇంటికి యూనియన్ వెళ్తుందా?

ఫీడర్-3:

కొన్నిచోట్ల వెళ్తుంది. కొన్నిచోట్ల "మన సభ్యుడు కాదు కదా" అని ఒక సంతాప ప్రకటనతో సరిపెడతారు. కాంట్రాక్టు వాళ్లకు సభ్యత్వం ఇవ్వాలని మా సంఘంలో చాలాకాలంగా గొడవ నడుస్తోంది. ఇస్తే మన బేరం బలం తగ్గుతుందని పాతవాళ్లు, ఇవ్వకపోతే రేపు మనకు మిగిలే బలమేంటని మేము. పోయిన సమావేశంలో ఓటింగుకు పెట్టాం. ఓడిపోయాం. మళ్లీ పెడుతున్నాం.