లైబ్రరీ పుస్తకాలకి ఏ ప్లాస్టిక్ అట్ట వేయాలి?
మా అపార్ట్‌మెంట్‌లో చిన్న లైబ్రరీ ఉంది, మూడొందల పుస్తకాల దాకా, వాటిలో సగం, ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నవే. రెండేళ్ల కిందట మీటర్ లెక్కన మెత్తటి పీవీసీ షీటు తెచ్చి అన్నిటికీ అట్టలు వేసి సెల్లోటేపు అంటించాను (అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయా). ఈ వానల్లో తీసి చూస్తే షీటు జిగటగా అయి ముఖచిత్రం రంగు దానికే అంటుకుపోయింది, టేపు పచ్చబడింది, లోపలంతా బూజు వాసన. పీవీసీ కన్నా పాలిస్టర్ షీటు నయమని చదివాను, హైదరాబాద్‌లో అది చిల్లరగా ఎక్కడ దొరుకుతుంది? టేపు లేకుండా మడతలతోనే నిలిచేలా ఎవరైనా వేశారా? అంటుకున్నవాటిని చిరగకుండా ఎలా విడదీయాలి, హెయిర్ డ్రయర్ పెట్టమంటోంది మా ఆవిడ, నాకేమో భయం. కలరా ఉండలు వేయమని మాత్రం చెప్పకండి, చిన్నపిల్లలు వస్తారు.