మెంటర్ని కలిపేటప్పుడు ఏం చూడాలి: ప్రొఫైలా, ఏడాది నిలబడతాడా లేదా?

మాదాపూర్_లేట్‌షిఫ్ట్:
మా ఆఫీసు, ఒక ఎన్జీవో కలిసి బోరబండ వైపు నైన్త్, టెన్త్ పిల్లలకి మెంటర్లని పెడుతున్నాయి, జతలు కలిపే పని నా నెత్తిన పడింది. ఫామ్ చూస్తే హాబీలు, డ్రీమ్ జాబ్, ఫేవరెట్ క్రికెటర్... పెళ్ళిచూపులకి తక్కువేం లేదు. నన్నడిగితే ముందు అడగాల్సింది ఒక్కటే: ఆన్‌సైట్ వచ్చినా, జాబ్ మారినా ఏడాది ఉంటావా? అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ వాళ్ళు 1904 నుంచి పిల్లలకి ఇలా మెంటర్లని పెడుతున్నారు. వాళ్ళ ప్రోగ్రాంకి అప్లై చేసిన 1,138 మంది పిల్లల డేటా మీద గ్రాస్‌మన్, రోడ్స్ అనే రీసెర్చర్లు 2002లో పేపర్ రాశారు. ఏడాది దాటిన జతల్లో మేలు ఎక్కువ, మరీ తొందరగా తెగిపోయిన చోట పిల్లలు కొన్ని విషయాల్లో ఇంకా వెనక్కి పోయారంట. అంటే మధ్యలో జారుకునేవాడి కంటే అసలు రానోడే నయం.

కృష్ణానగర్_పోరడు:
అన్నా, ఏడాదంటే అందరూ సంతకం పెడతరు. నా మెంటర్ ఏడాది పూర్తిగా వచ్చిండు, ఏం లాభం? మా నాన్న లైట్‌మ్యాన్, షూటింగ్ లేకుంటే ఇంట్ల పైసల్లేవ్. వీకెండ్ ఏం చేస్తవ్ అనడిగిండు, క్యాటరింగ్‌కి పోతా అన్న, సార్ సైలెంట్. పాలిటెక్నిక్ కోసం పాలీసెట్ రాస్తా అంటే వద్దు ఎంపీసీ తీస్కో, ఐఐటీ కొట్టు అని ఒకటే పాట. డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే బీటెక్ సెకండియర్ల చేరొచ్చని ఆయనకే తెల్వదు. మా అసొంటి ఇండ్లకెల్లి వచ్చినోణ్ణి పెట్టుండ్రి, ఆర్నెల్లున్నా చాలు.

టీచరమ్మ_యూసుఫ్‌గూడ:
మీ ఇద్దరూ మగపిల్లల గురించే మాట్లాడుతున్నారు. ఆడపిల్లకి ఆడ మెంటర్ అయితేనే మా బస్తీలో తల్లులు పంపిస్తారు, అది కూడా స్కూల్లోనే, తలుపు తీసున్న గదిలో. కేఫ్‌లో కలుస్తాం, కార్లో దింపుతాం అంటే కుదరదు. 18 లోపు పిల్లలు, పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడడానికి 2012 నుంచి పోక్సో చట్టం ఉంది, పోలీస్ వెరిఫికేషన్ లేకుండా ఎవర్నీ పంపొద్దు బాబూ.

మాదాపూర్_లేట్‌షిఫ్ట్:
మేడమ్, అందులో వాదనే లేదు, కాకపోతే మా లిస్టులో లేడీస్ తక్కువ, అందుకని కొంతమంది అమ్మాయిలు వెయిట్ చేయాల్సొస్తుంది, చేయనీ. తమ్ముడూ, నీలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్ళు దొరికితే ముందు వాళ్ళనే పెడతా, కానీ దొరికేది ఎంతమంది? మిగతావాళ్ళకి పాలీసెట్, ఈసెట్ నేర్పించొచ్చు, వెళ్ళిపోయేవాడికి ఏం నేర్పిస్తాం? రెండు నెలలకి పిల్లాణ్ణి అడుగుదాం, నచ్చకపోతే జత మారుద్దాం.

కృష్ణానగర్_పోరడు:
సార్‌ని పక్కన కూసోబెట్టి సార్ మంచిగున్నడా అంటే ఏ పోరడు లేదంటడు అన్నా? నేను కూడ సూపర్ అనే చెప్పిన 😀

మాదాపూర్_లేట్‌షిఫ్ట్:
సరే, ఫోన్ ఎన్జీవో అక్క చేస్తుంది, మెంటర్‌కి తెలియకుండా. అది పెట్టిస్తా. ఏడాది రూల్ మాత్రం తియ్యను, నోటీస్ పీరియడ్‌లో ఉన్నోళ్ళని ఈ బ్యాచ్‌లో తీసుకోవట్లేదు.