సిలిండర్‌లో గీతలు: వారంటీ రాదంటున్నారు

బెంగళూరులో నాది సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు, ఆరు సిలిండర్లు. ఎక్స్‌టెండెడ్ వారంటీ నా పేరు మీదికి మారింది, ఇంకా గడువుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఎడమ పక్క నుంచే టక్ టక్ చప్పుడు. వేడెక్కినా పూర్తిగా పోదు. ఆ వైపు సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే జిడ్డు మసి, కుడివైపు దాదాపు శుభ్రం. వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగేస్తోంది. ఆయిల్, ప్లగ్గులు మార్చినా అంతే. బయటి మెకానిక్ బోర్‌స్కోప్ (ఇంజిన్ లోపలికి దూర్చి చూసే సన్న కెమెరా) పెట్టి చూస్తే సిలిండర్ గోడ మీద నిలువు గీతలు కనిపించాయి.

సర్వీస్ సెంటర్ వాళ్లు "మామూలు అరుగుదల, వారంటీ రాదు" అన్నారు. అదే రాసివ్వమంటే మాట దాటేస్తున్నారు! కంపెనీకి మెయిల్ పెడితే మళ్లీ వాళ్ల దగ్గరికే పొమ్మన్నారు. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలని తెలుసు. ఇలాంటి కేసు వేసినవాళ్లు చెప్పండి: బయటి మెకానిక్ తీసిన బోర్‌స్కోప్ ఫోటోలు అక్కడ సాక్ష్యంగా చెల్లుతాయా?