అప్‌డేట్: పొగ ఎలిమెంట్ అంచుల్లో నల్ల చార, సమస్య తీరింది

నేను అడిగింది ఇది: ప్రోరెస్ 4444 అనే వీడియో ఫార్మాట్‌లో వచ్చిన పొగ ఎలిమెంట్‌ను (పొగ మాత్రమే ఉన్న క్లిప్) ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్లేట్ (వెనకాల ఉండే అసలు షాట్) మీద పెడితే అంచుల్లో నల్లటి చార. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

ఆల్ఫా (ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే ఛానల్) సెట్టింగ్ చూడమన్న సలహాయే పనిచేసింది. ఫైల్ ప్రీమల్టిప్లైడ్‌గా (రంగును ముందే ఆల్ఫాతో గుణించి, నలుపు కలిపి) రెండరైంది, ప్రాజెక్ట్ మాత్రం స్ట్రెయిట్ (రంగును గుణించని రకం) అనుకుంటోంది. అప్పటికే నలుపు కలిసిన రంగును ఆల్ఫాతో మళ్లీ గుణించడం వల్ల పలుచని అంచులు నల్లబడ్డాయి. విండోస్‌లో ఫుటేజ్ ఎంచుకుని కంట్రోల్+ఆల్ట్+జి నొక్కి ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ విండో తెరిచి, ఆల్ఫాను ప్రీమల్టిప్లైడ్‌కి, మ్యాట్ రంగును (అంచుల్లో కలిసిన నేపథ్య రంగు) నలుపుకి మార్చాను. తెల్ల సాలిడ్ (ఒకే రంగు లేయర్) మీద పెట్టి చూస్తే అంచు శుభ్రంగా ఉంది.

బిట్‌రేట్, 16 బిట్ మోడ్‌లకు దీనితో సంబంధం లేదు, రీ-రెండర్ కూడా అక్కర్లేదు. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్‌కి మాత్రం దయచేసి మార్చొద్దు, అందులో ఆల్ఫా ఛానలే ఉండదు.