అన్ని వయసులవారికీ ఒకే తెర సరిపోతుందా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
మా కాలనీలోని మందుల దుకాణానికి యాప్ రూపొందిస్తున్నాను. అరవై దాటినవారికీ, తెలుగు మాత్రమే చదివేవారికీ, తరచూ ఆర్డర్ పెట్టే యువతకూ ఒకే తెర సరిపోతుందాండీ?

జవాబు (మాదాపూర్):
సరిపోతుంది. వెబ్‌ను అందరూ వాడగలిగేలా చేసే ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీలో ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు ఉంటారు కనుక రంగుతో పాటు ‘స్టాకు లేదు’ అన్న మాట కూడా రాయండి. తెలుగులో గుడులు పైకీ, ఒత్తులు కిందికీ విస్తరిస్తాయి కాబట్టి ఇంగ్లీషుకు చాలిన వరుసల ఎడం మనకు చాలదు. అక్షరాలు తెగిపోయిన యాప్‌లను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

జవాబు (సికింద్రాబాద్):
యువతకు ‘పాత ఆర్డర్ మళ్ళీ’ అనే బటన్ చాలు. ముందుగా దుకాణానికి వచ్చే ఐదుగురు పెద్దలకు ఫోన్ ఇచ్చి, మీరేమీ చెప్పకుండా, వారు ఎక్కడ ఆగుతున్నారో గమనించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, ఈ ఆదివారమే ఆ పరీక్ష చేస్తాను.