మిత్రుడి సంవత్సరీకానికి రక్తదాన శిబిరం: ఏమేం చూసుకోవాలి?

గోదారిగట్టు (ప్రశ్న):
మా మిత్రుడు పోయి మే నెలకు ఏడాది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి రక్తం కావాలన్నా, అర్ధరాత్రయినా సరే, ముందు ఆయన ఫోనే మోగేది. దాతల పేర్లు గ్రూపులవారీగా రాసుకున్న నోట్‌బుక్‌ను వాళ్ళావిడ మాకిచ్చారు. రెండు వందల పైచిలుకు పేర్లున్నాయి. ఒక్కో పేరు పక్కన చివరిసారి ఇచ్చిన తేదీ, ‘రాత్రి డ్యూటీ, పొద్దున చేయొద్దు’, ‘సూదంటే భయం, పక్కన ఉండాలి’ లాంటి మాటలు. సంవత్సరీకం నాడు వీళ్ళందర్నీ పిలిచి, వంద యూనిట్లకు తగ్గకుండా శిబిరం పెడదామనుకుంటున్నాం. తెలిసినవాళ్ళు చెప్పండి.

ల్యాబ్‌బల్ల:
మంచి ఆలోచనే కానీ, పుస్తకంలో ఉన్నవాళ్ళందర్నీ ఒకేరోజు పిలవకండి. ఒకసారి రక్తమిచ్చాక మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి. మేలో అందరూ ఇచ్చేస్తే ఆగస్టు దాకా ఆ పుస్తకం ఖాళీ పుస్తకమే. జూన్‌లో ఏ కాన్పు కేసుకో అర్ధరాత్రి రక్తం కావాలంటే ఎవరిని లేపుతారు? ముఖ్యంగా అరుదుగా దొరికే నెగటివ్ గ్రూపుల వాళ్ళను శిబిరానికి అసలు పిలవొద్దు, అవసరానికి అట్టిపెట్టుకోండి. పుస్తకంలోని వాళ్ళను తలా ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకు రమ్మనండి. ఆయన జాబితా పెరగాలి, తరగకూడదు.

వంద అనే లెక్క కూడా మీరు తేల్చుకోవద్దు, బ్లడ్ బ్యాంకును అడగండి. మామూలు సంచిలో రక్తం 35 రోజులు, విడదీసిన ఎర్రకణాలు 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. చిన్న బ్యాంకు మీద ఒక్కరోజే వంద సంచులు పడితే కొన్ని గడువు దాటి పారబోయాల్సి రావచ్చు. మేలో కాలేజీలకు సెలవులు కాబట్టి రక్తానికి కటకట ఉంటుంది, మీ తేదీ మంచిదే. సగం అప్పుడు పెట్టి, మిగతా సగం జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమైన అక్టోబర్ 1కి ఉంచండి.

శిబిరం_పెద్ద:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక ఏర్పాట్ల సంగతి. సర్కారు ఆసుపత్రిదో, రెడ్‌క్రాస్‌దో, లైసెన్సున్న స్వచ్ఛంద సంస్థదో బ్లడ్ బ్యాంకుకు నెల ముందే ఉత్తరం ఇవ్వండి. మూడు గంటల్లో 50 నుంచి 70 యూనిట్లు తీయాలంటే ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, ఆరు నుంచి ఎనిమిది మంచాలు ఉండాలి. మనుషుల్ని వాళ్ళే తెస్తారు. హాలు, బల్లలు, కరెంటు, మంచినీళ్ళు మీ బాధ్యత.

మే ఎండలో షామియానా వద్దే వద్దు. ఫ్యాన్లూ, జనరేటరూ ఉన్న కల్యాణమండపం తీసుకుని ఏడున్నరకు మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించండి. శిబిరం కదా అని చాలామంది పరగడుపున వస్తారు, కళ్ళు తిరిగేది ముందు వాళ్ళకే. అందుకే వచ్చిన వెంటనే ఇడ్లీ, అరలీటరు నీళ్ళు ఇవ్వండి. పండ్లరసం తర్వాత.

బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. కొన్నిచోట్ల మీటరుతో చూస్తారు, కొన్నిచోట్ల నీలంరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేలి రక్తపు బొట్టు వేస్తారు. బొట్టు పదిహేను సెకన్లలోపు అడుగుకు దిగితే సరే, తేలితే ఆరోజుకు కుదరదు. ఆడవాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాళ్ళను ఊరికే వెనక్కి పంపకుండా డాక్టరుతో మాట్లాడించండి. ఏడాదిలోపు పచ్చబొట్టు వేయించుకున్నవాళ్ళకూ కుదరదు, ఇది ముందే చాటింపులో చెప్పండి.

సూది తీశాక దూది అదిమిపట్టి చెయ్యి చాచి పైకెత్తాలి. మోచెయ్యి మడిస్తే అక్కడ నల్లగా కమిలిపోతుంది. పడిపోయేవాళ్ళలో చాలామంది మంచం మీద పడిపోరు, లేచి నాలుగడుగులు వేశాక పడతారు. ఫలహారం కుర్చీలు మంచాల పక్కనే వేసి, పదిహేను నిమిషాలు ఎవరినీ కదలనివ్వకండి. తూలితే కుర్చీలో తల వంచి కూర్చోబెట్టడం కాదు, అక్కడే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపట్టండి.

డబ్బులు, లక్కీడ్రాలు వద్దు. బహుమతి కోసం వచ్చేవాళ్ళు జబ్బులు దాచిపెడతారు. సర్టిఫికెట్, దాత కార్డు చాలు.

రాత్రిఫోన్:
పుస్తకం గురించి ఒక మాట. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అవి జనం ఆయన్ని నమ్మి ఇచ్చిన నంబర్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ‘ఇకపై మేం పిలవొచ్చా?’ అని అడిగి, సరేనన్న వాళ్ళనే ఉంచండి. ఫోన్ ఎత్తే బాధ్యత ఇద్దరికి అప్పగించండి, ఒక్కడి మీదే పడితే నిలవదు. కేసు వస్తే రోగి పేరు, ఆసుపత్రి, గ్రూపు, ఎన్ని యూనిట్లు, వెంట ఉన్నవాళ్ళ నంబరు రాసుకుని, ముందు ఆసుపత్రికి చేసి నిజమో కాదో కనుక్కోండి. రెండు యూనిట్లు కావాలంటే ముగ్గురికి చెప్పండి, పదిమందిని పరిగెత్తించొద్దు. ఇచ్చిన తేదీ ఆ రాత్రే పుస్తకంలో ఎక్కాలి. మిగతాదంతా దాని మీదే నడుస్తుంది.

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నెగటివ్ పేర్లు పక్కన పెట్టేస్తున్నాం, మేలో యాభైకే పరిమితమవుతాం. ఒక సందేహం: ఆయనతో తిరిగిన పెద్దవాళ్ళు కొందరు మేమూ ఇస్తామంటున్నారు. వయసు అడ్డమా?

శిబిరం_పెద్ద:
65 దాటితే తీసుకోరండీ. మొదటిసారి ఇచ్చేవాళ్ళయితే 60 దాటకూడదు. ఆ పెద్దవాళ్ళకు రిజిస్ట్రేషన్ బల్ల ఇవ్వండి. ఊరివాళ్ళందరి ముఖాలూ తెలుసు కాబట్టి, మొన్నీమధ్యే ఇచ్చి మళ్ళీ వచ్చినవాళ్ళను వాళ్ళే ఆపేస్తారు.